విచారణ ఫైలు బయటి ఏజెన్సీ చేతికి వెళ్లేటప్పుడు: సెక్షన్ సిబ్బందికి సమగ్ర మార్గదర్శి

పాత రికార్డులన్నీ స్కాన్ చేయించమని హెడ్డాఫీసు నుంచి మెమో వస్తుంది. టెండరు పిలుస్తారు, ఏదో ఒక ఏజెన్సీకి వర్క్ ఆర్డరు వెళుతుంది. ఓ రోజు పొద్దున్నే నలుగురు కుర్రాళ్లు రెండు స్కానర్లతో దిగుతారు. రికార్డు అసిస్టెంటు బీరువా తెరిచి కట్టలకు కట్టలు ఇచ్చేస్తాడు. సెలవుల ఫైళ్లు, ఇంక్రిమెంటు ఫైళ్లతో పాటు ఒక లైంగిక వేధింపుల విచారణ నివేదిక, లంచం ఆరోపణ మీద ప్రాథమిక విచారణ కాగితాలు, ఎవరిదో మెడికల్ రిపోర్టు కూడా వాళ్ల చేతికి వెళ్లిపోతాయి. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. ఏ కట్టలో ఏముందో చూసి ఇవ్వమని ఎవరూ చెప్పలేదు, అంతే.

జిల్లా, డివిజన్ స్థాయి ఆఫీసుల్లో క్రమశిక్షణ కేసులు చూసే సెక్షన్లను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. ఆంధ్రప్రదేశ్‌లోనైనా తెలంగాణలోనైనా ఈ కేసులకు మూలం 1991 నాటి సీసీఏ నియమాలే (ప్రభుత్వోద్యోగుల వర్గీకరణ, క్రమశిక్షణ, అప్పీళ్ల నియమాలు) కాబట్టి పద్ధతి రెండు చోట్లా దాదాపు ఒకటే. అగ్రిమెంటులో ఎన్ని షరతులు రాసుకున్నా, బయటికి వెళ్లే కాగితం తగ్గించుకోవడమే అన్నిటికన్నా గట్టి జాగ్రత్త. కింది మెట్లన్నీ దాని చుట్టూ తిరిగేవే.

మొదటి మెట్టు: మీ వెండర్లు ఎవరో జాబితా రాయండి

వెండర్ అనగానే టెండరు దక్కిన కంపెనీయే గుర్తొస్తుంది. కానీ ఆఫీసు ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపు కూడా వెండరే. నా లెక్కలో అన్నిటికన్నా పెద్ద బొక్క అదే. "తమ్ముడూ, వాట్సాప్‌లో పెట్టాను, రెండు కాపీలు తీసి ఉంచు" అని పంపిన పీడీఎఫ్ ఆ షాపు కంప్యూటర్లో డౌన్‌లోడ్స్ ఫోల్డరులో నెలల తరబడి ఉండిపోతుంది. తర్వాత ఎవరో పిల్లాడు తన హాల్ టికెట్ వెతుక్కుంటూ అదే ఫోల్డరు తెరుస్తాడు. అందులో మీ ఛార్జ్ మెమో (ఉద్యోగి మీద ఆరోపణలు రాసి ఇచ్చే పత్రం) పేరుతో సహా కనిపిస్తుంది.

జాబితాలో ఇంకా వీళ్లుంటారు: కంప్యూటరు బాగుచేసే మెకానిక్, కాపియర్ మిషన్ అద్దెకిచ్చిన సంస్థ, కొరియర్, వాంగ్మూలాలు టైపు చేసిపెట్టే డీటీపీ సెంటరు, అనువాదకుడు, సీసీ కెమెరాల ఏజెన్సీ, ఏడాదికోసారి చిత్తు కాగితాలు తూకానికి కొనుక్కెళ్లే వ్యాపారి. చివరివాణ్ని తేలిగ్గా తీసుకోవద్దు. చించకుండా అమ్మిన కాగితం బజ్జీల బండి దగ్గర పొట్లమై తేలుతుంది.

అవుట్‌సోర్సింగ్ ఆపరేటరు విషయం కాస్త చిక్కు. కూర్చునేది మన సెక్షన్లోనే, జీతం మాత్రం ఏజెన్సీ ద్వారా వస్తుంది. చాలా చోట్ల సూపరింటెండెంటు కన్నా ఫైలు గురించి అతనికే ఎక్కువ తెలుసు. అతని మీద అనుమానపడమని చెప్పడం లేదు. ఏజెన్సీతో ఉన్న అగ్రిమెంటు సరిపోతుందనుకోకుండా ఆ వ్యక్తి నుంచి విడిగా గోప్యతా అండర్‌టేకింగ్ తీసుకోండి. అధికారి ఈ-ఆఫీస్ (ఫైళ్లు ఆన్‌లైన్‌లో నడిపే వ్యవస్థ) పాస్‌వర్డు, డిజిటల్ సంతకం డాంగిల్ అతని డ్రాయరులో ఉంచే అలవాటు ఉంటే ఈరోజే మానండి. రేపు ఏదైనా లీకైతే సిస్టమ్ రికార్డులో కనిపించేది అధికారి పేరే, ఆపరేటరు పేరు కాదు.

రెండో మెట్టు: ఫైలును మూడు కట్టలుగా విడదీయండి

మొదటి కట్ట ఎవరికీ ఇవ్వకూడనిది. ఫిర్యాదుదారు ఎవరో తెలిపే కాగితాలు, బాధితురాలి వాంగ్మూలం, పిల్లల వివరాలు, మెడికల్ రిపోర్టులు, నోట్ ఫైలు ఇందులోకి వస్తాయి. నోట్ ఫైలులో ఎవరు ఏమని అభిప్రాయం రాశారో తెలుసుకోవాల్సిన పని ఏ వెండరుకూ ఉండదు. దాన్ని స్కాన్ చేయక తప్పదంటే మన ఉద్యోగి, మన మిషన్ మీద, తలుపు వేసుకుని చేయాలి.

రెండో కట్ట పేర్లు, గుర్తులు తీసేసి ఇవ్వదగినది. మూడోది ఉన్నదున్నట్టు ఇవ్వగలిగినది: సర్క్యులర్లు, పోస్టింగు ఉత్తర్వులు, హాజరు పట్టీ లాంటివి.

ఎంత జాగ్రత్త అవసరమో చట్టమే చెబుతోంది. పని ప్రదేశంలో లైంగిక వేధింపుల నిరోధక చట్టం, 2013లోని 16వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదులోని అంశాలు, ఇరుపక్షాల వివరాలు, సాక్షుల పేర్లు, కమిటీ సిఫార్సులు బయటపెట్టకూడదు. అత్యాచారం వంటి నేరాల్లో బాధితుల గుర్తింపు వెల్లడిస్తే భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు. బాలల వివరాలకు బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ ఉంది. "వెండరుకే కదా ఇచ్చాం" అన్న సాకును నమ్ముకోవద్దు.

ఫిర్యాదుదారు పేరు ఫైలుతో పాటు ప్రయాణిస్తే ఏమవుతుందో చెప్పడానికి సత్యేంద్ర దూబే ఉదంతం చాలు. జాతీయ రహదారుల సంస్థలో ఇంజినీరుగా ఉంటూ స్వర్ణ చతుర్భుజి పనుల్లో అక్రమాల గురించి 2002లో ప్రధాని కార్యాలయానికి రాశాడు, తన పేరు గోప్యంగా ఉంచమనీ కోరాడు. ఆ లేఖ పేరుతో సహా ఆఫీసుల మధ్య తిరిగింది. 2003 నవంబరు 27న గయలో ఆయన్ని కాల్చి చంపారు. అది దోపిడీలో జరిగిన హత్య అని సీబీఐ తేల్చింది. ఆ ముగింపుతో ఏకీభవించినా కాకపోయినా, గోప్యత కోరిన లేఖ ఎన్ని టేబుళ్లు దాటిందన్నది మాత్రం ప్రశ్నగానే మిగిలింది. ఆ కలకలం తర్వాతే 2004లో కేంద్రం ప్రజాప్రయోజన వెల్లడి తీర్మానం తెచ్చింది. దాని కింద వచ్చే ఫిర్యాదుల్లో పేరును కేంద్ర విజిలెన్స్ కమిషన్ గోప్యంగా ఉంచాలి. అది కేంద్రానికి సంబంధించినదైనా, పద్ధతి మన సెక్షన్లో పాటించడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఫిర్యాదు మొదటి పేజీ విడిగా సీలు కవరులో పెట్టండి. ఫైల్లో "ఫిర్యాదుదారు-1" అని రాసిన ప్రతి మాత్రమే నడవనివ్వండి.

ఇక్కడ ఒక విషయం కలగాపులగం చేసుకోవద్దు. వెండరు నుంచి దాచడం వేరు, ఆరోపణ ఎదుర్కొంటున్న ఉద్యోగి నుంచి దాచడం వేరు. ఛార్జ్ మెమోకు జతచేసిన డాక్యుమెంట్లను చూసే హక్కు అతనికి ఉంది. లైంగిక వేధింపుల కేసులో ఫిర్యాదు ప్రతిని ప్రతివాదికి ఇవ్వాల్సిందే. పేర్లు చెరిపిన నకలు స్కానింగు కోసమే. దాన్నే విచారణాధికారి ముందు పెడితే కేసు పోతుంది.

మూడో మెట్టు: వర్క్ ఆర్డరుకు ముందే కాగితం మీద పెట్టండి

చాలా అగ్రిమెంట్లలో "సమాచారాన్ని గోప్యంగా ఉంచవలెను" అన్న ఒక్క లైనుతో సరిపెడతారు. దానితో ఏ పనీ జరగదు. పని ఎక్కడ చేయాలి (మన ఆవరణలోనే), ఎవరు చేయాలి (పేర్లు, ఫొటో గుర్తింపు కార్డులతో), సబ్ కాంట్రాక్టుకు ఇవ్వకూడదన్న నిషేధం, కాపీలు ఎప్పటిలోగా చెరిపేయాలి, లీకైతే ఎన్ని గంటల్లో మనకు చెప్పాలి, చివరి బిల్లు దేనికి ముడిపడి ఉంటుంది, ఇవన్నీ విడివిడిగా ఉండాలి. చివరిది ముఖ్యం. కాపీలు చెరిపేసినట్టు ధ్రువపత్రం ఇవ్వనిదే ఆఖరి వాయిదా విడుదల కాదని రాయండి. పాతిక షరతులు చేయలేని పని ఆ ఒక్కటి చేస్తుంది.

సబ్ కాంట్రాక్టు నిషేధం ఎందుకంటే, టెండరు ఒకరు వేస్తారు, పని రేటు తగ్గించి ఊళ్లో ఉన్న ఇంకొకరికి అప్పజెబుతారు. ఆ రెండోవాడు మనతో ఏ కాగితం మీదా సంతకం పెట్టి ఉండడు.

డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, 2023 కూడా ఇదే దారిలో ఉంది. బయటివాళ్లతో డేటా పని చేయించాలంటే చెల్లుబాటయ్యే కాంట్రాక్టు ఉండాలి, తప్పు వాళ్లదైనా బాధ్యత మాత్రం అప్పగించిన సంస్థదే. నేరాల దర్యాప్తుకు ఈ చట్టంలో మినహాయింపులు ఉన్నాయని కొందరు ధీమాగా ఉంటారు. 17వ సెక్షన్ నిండా చదివితే తెలుస్తుంది: ఆ మినహాయింపు ఉన్నా తగిన భద్రతా ఏర్పాట్లు చేయాల్సిన బాధ్యత మాత్రం అలాగే ఉంటుంది. నియమాలు 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి, ప్రధాన బాధ్యతలు 18 నెలల తర్వాత అమల్లోకి వస్తాయి. ఇప్పుడు చేసుకునే అగ్రిమెంటు ఆ తేదీ దాటి నడిచేదైతే ఈ షరతులు ఇప్పుడే పెట్టుకోవడం తెలివి. అధికార రహస్యాల చట్టం, 1923 ఐదో సెక్షన్ ప్రభుత్వ కాంట్రాక్టు ఉన్నవాళ్లకూ వర్తిస్తుందన్న సంగతి కూడా కాంట్రాక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయండి.

నాలుగో మెట్టు: పేజీ నంబర్లు, ఇన్వెంటరీ, రెండో ప్రతి

నంబరు లేని పేజీ పోయినా పోయినట్టు రుజువు చేయలేం. కరెంట్ ఫైలు (వచ్చిన, పంపిన కాగితాలు), నోట్ ఫైలు విడివిడిగా, ప్రతి పేజీకి పై కుడి మూల నంబరు వేయండి. వెనక వైపు రాత ఉంటే దానికీ నంబరు పడాలి. చివరి పేజీ కింద "మొత్తం పేజీలు ఇన్ని" అని రాసి తేదీతో సంతకం చేయాలి. మధ్యలో ఖాళీ పేజీ ఉంటే అడ్డంగా గీత కొట్టండి. సీడీలు, పెన్ డ్రైవులు, ఫొటోలు పేజీ నంబర్లలో కలపకుండా వేరే కవర్లలో పెట్టి, కవరుకు నంబరు ఇవ్వండి.

ఇన్వెంటరీలో "విచారణ ఫైలు-1" అని రాస్తే చాలదు. ఫైలు నంబరు, పేజీల సంఖ్య, జతల సంఖ్య, కాగితాల స్థితి (చిరిగినవి, చెద పట్టినవి) రాయాలి. విషయం దగ్గర మాత్రం "క్రమశిక్షణ కేసు" అని ఆపేయండి. ఇన్వెంటరీ కాగితం కూడా పదిమంది చేతులు మారేదే.

ఏదైనా ఆవరణ దాటే ముందు మన దగ్గర రెండో ప్రతి ఉండి తీరాలి, అదీ వేరే గదిలో. 2024 జులైలో మదనపల్లె సబ్ కలెక్టర్ కార్యాలయంలో అగ్నిప్రమాదం జరిగి ఫైళ్లు కాలిపోయాక అందరూ మొదట అడిగిన ప్రశ్న వీటికి నకళ్లు ఎక్కడున్నాయన్నదే.

ఐదో మెట్టు: పేర్లు చెరపడం

పొరపాట్లు ఎక్కువగా జరిగేది ఇక్కడే కాబట్టి నెమ్మదిగా చదవండి.

కాగితం మీద నల్ల స్కెచ్ పెన్నుతో కొట్టేస్తే వెలుతురుకు ఎత్తి పట్టినప్పుడు కింది అక్షరం కనిపిస్తుంది. మంచి స్కానరుకూ కనిపిస్తుంది. కొట్టేసిన ప్రతిని మళ్లీ జిరాక్స్ తీసి, ఆ జిరాక్స్‌నే ఇవ్వాలి. అసలు కాగితం మీద ఎప్పుడూ కొట్టేయకండి, అది సాక్ష్యాన్ని పాడు చేయడమే.

పీడీఎఫ్‌లో పేరు మీద నల్ల డబ్బా గీస్తే కంటికి మాత్రమే కనిపించదు. కింద అక్షరాలు అలాగే ఉంటాయి, సెలెక్ట్ చేసి కాపీ కొడితే వచ్చేస్తాయి. చెరపడానికి ప్రత్యేకంగా ఉన్న రెడాక్షన్ టూల్ వాడాలి. అది అందుబాటులో లేకపోతే నల్ల డబ్బాలు పెట్టిన పేజీలను ప్రింటు తీసి మళ్లీ బొమ్మగా స్కాన్ చేయండి. మోటు పద్ధతే, కానీ పనిచేస్తుంది.

మన ఆఫీసులకే ప్రత్యేకమైన చిక్కు ఇంకొకటి ఉంది. పాత తెలుగు ఉత్తర్వులు, వాంగ్మూలాలు చాలావరకు అను ఫాంట్లలో టైపు చేసినవి. వాటిలో తెరమీద తెలుగు కనిపిస్తున్నా లోపల ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. అందుకే బాధితురాలి పేరు ఇప్పుడు ఫోన్లలో, నెట్‌లో వాడే యూనికోడ్‌లో టైపు చేసి వెతికితే "ఫలితాలు లేవు" అని వస్తుంది. ఆపరేటరు "పేరెక్కడా లేదు సార్" అని నిజాయతీగానే చెబుతాడు. పేరు మాత్రం పదిచోట్ల ఉంటుంది. ఆ గజిబిజి అక్షరాలను తిరిగి యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. కాబట్టి అను ఫాంట్ల ఫైలును వెతుకుడు మీద వదలకండి. ఒకరు చదివి గుర్తులు పెట్టాలి, ఇంకొకరు మొదటివారి గుర్తులు చూడకుండా మళ్లీ చదవాలి.

పేరొక్కటే చెరిపితే సరిపోదన్నది ఇంకో సంగతి. ఒకే మనిషి ఫైల్లో ఇంటిపేరుతో ఒకచోట, పొడి అక్షరాలతో ఇంకోచోట, "చిన్నమ్మాయి" అని మరోచోట ఉంటుంది. ఇంగ్లీషులో స్పెల్లింగు పేజీకో రకం. పేరు తీసేసినా "ఫలానా మండలంలో ఏకైక మహిళా వీఆర్‌వో" అన్న ముక్క మిగిలితే ఆ మండలంలో అందరికీ తెలిసిపోయినట్టే. హోదా, ఊరు, కులం, భర్త లేదా తండ్రి పేరు, ఎంప్లాయీ ఐడీ, ఫోను, ఆధార్, బ్యాంకు ఖాతా, బండి నంబరు, చేతిరాత, సంతకం అన్నీ చూడాలి. చివరగా ఆ ప్రతిని కేసు గురించి ఏమీ తెలియని నమ్మకమైన సహోద్యోగికి ఇచ్చి "ఇదెవరి గురించో చెప్పగలరా" అని అడగండి. ఆయన చెప్పేస్తే పని మళ్లీ మొదటికి.

వర్డ్ ఫైలు పంపాల్సి వస్తే మార్పుల చరిత్ర, కామెంట్లు తీసేయండి. ఎక్సెల్లో దాచిన కాలమ్‌లు, మొబైల్ ఫొటోల్లో లొకేషన్ కూడా అంతే.

ఆరో మెట్టు: అప్పగింత

కాగితమైతే పాత డబుల్ కవర్ పద్ధతిని మించినది లేదు. లోపలి కవరు మీద గోప్యం అని, అందుకునేవారి పేరు, సీలు. బయటి కవరు మీద చిరునామా మాత్రమే. గోప్యమని బయట రాస్తే దారిలో అందరి కళ్లూ దానిమీదే. లోపల రసీదు ఫారం పెట్టి, అది సంతకంతో తిరిగొచ్చాకే డిస్పాచ్ రిజిస్టరులో ఆ పద్దు ముగించండి.

డిజిటల్ అయితే ఎన్‌క్రిప్ట్ చేసిన డ్రైవులో ఇచ్చి, పాస్‌వర్డు వేరే దారిలో చెప్పండి. ఫైలు పంపిన మెయిల్ కిందే పాస్‌వర్డు రాసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాట్సాప్ వద్దు. లీకు భయం అటుంచితే, ఫొటోగా పంపినప్పుడు అది సైజు తగ్గించి ఫైలునే మార్చేస్తుంది. అలా మారినది తర్వాత సాక్ష్యంగా నిలబడటం కష్టం.

సాక్ష్యం ప్రస్తావన వచ్చింది కాబట్టి హ్యాష్ గురించి చెప్పాలి. ఆడియో, వీడియో, సీసీ కెమెరా ఫుటేజీ ల్యాబుకో ఏజెన్సీకో ఇచ్చే ముందు దాని షా-256 హ్యాష్ విలువ (ఫైలుకు వేలిముద్ర లాంటిది) తీసి రాసుకోండి. విండోస్‌లో సర్ట్‌యుటిల్ కమాండుతో నిమిషంలో వస్తుంది. ఫైలులో ఒక్క చుక్క మారినా 64 అక్షరాల ఆ విలువ పూర్తిగా మారిపోతుంది. తిరిగొచ్చాక మళ్లీ తీసి పోల్చండి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ఇచ్చే ధ్రువపత్రంలో ఈ విలువ రాయాలి. ఆ పత్రంలో రెండు భాగాలుంటాయి, రెండోది నిపుణుడు సంతకం చేసేది. ఆరు నెలల తర్వాత కోర్టులో అడిగినప్పుడు వెతుక్కునే కన్నా అప్పగింత రోజే పూర్తి చేసుకోవడం సుఖం.

ఈ-ఆఫీస్‌లో ఫైలు ఎవరి దగ్గరికి వెళ్లిందో జాడ ఉంటుంది. దాన్ని డౌన్‌లోడ్ చేసి పెన్ డ్రైవులో వేసిన క్షణం నుంచి ఆ జాడ తెగిపోతుంది. అందుకే డౌన్‌లోడ్‌కు కూడా ఒక చేతి రిజిస్టరు పెట్టుకోండి: ఎవరు, ఎప్పుడు, ఎందుకు, ఎప్పుడు చెరిపారు.

ఏడో మెట్టు: పని జరుగుతున్నంతసేపూ

స్కానింగు గదిలోకి ఫోన్లు వెళ్లకూడదు. ఇంటర్నెట్ లేని కంప్యూటర్లు వాడాలి, యూఎస్‌బీ పోర్టులు మూసేయించాలి. పొద్దున ఇచ్చిన ఫైలు సాయంత్రానికి లెక్క చూసి బీరువాలోకి తిరిగి రావాలి. గదిలో మన ఉద్యోగి ఒకరు కూర్చోవాలి, టీకి వెళ్లినా ఇంకొకరు ఉండాలి. మనిషి కొరత నిజమే. అయితే రోజుకు తక్కువ ఫైళ్లు ఇవ్వండి, కాపలా లేకుండా ఎక్కువ ఇవ్వకండి.

ఎనిమిదో మెట్టు: తిరిగి తీసుకోవడం, చెరిపించడం

ఇచ్చినప్పటి ఇన్వెంటరీతో పేజీ పేజీ పోల్చాకే తీసుకున్నట్టు సంతకం. "చెరిపేశాం" అన్న మెయిల్ చాలదు. ఏ డ్రైవు, దాని సీరియల్ నంబరు, ఏ పద్ధతిలో, ఎవరి సమక్షంలో అన్నది ధ్రువపత్రంలో ఉండాలి. వాళ్ల బ్యాకప్పుల గురించి విడిగా అడగండి. మామూలు ఫార్మాట్ కొడితే డేటా పోదు, తిరిగి తీయగలరు. వీలైతే డ్రైవులే మనం కొనిచ్చి మనమే ఉంచేసుకోవాలి. మొత్తం కాంట్రాక్టు ఖర్చు ముందు అదెంత.

అద్దె కాపియర్ సంగతి మర్చిపోతారు. చాలా పెద్ద మిషన్లలో హార్డ్ డిస్కు ఉంటుంది, తీసిన కాపీల బొమ్మలు అందులో నిలవ ఉండొచ్చు. మిషన్ వెనక్కి ఇచ్చేటప్పుడు ఆ డిస్కు తుడిపించండి, లేదా తీసి ఉంచేసుకోండి.

ఇంకో ఆఫీసు అడిగితే

ఏసీబీ, సీఐడీ, విజిలెన్స్ వాళ్లు ఫైలు అడిగితే రాతపూర్వక లేఖ తీసుకోండి. ఒరిజినల్ కావాలంటే ఇవ్వాల్సిందే, కానీ ముందు ధ్రువీకరించిన నకలు తీసి మన శాఖాపరమైన విచారణ ఆగకుండా చూసుకోవాలి. పేజీల లెక్కతో రసీదు తప్పనిసరి.

సమాచార హక్కు దరఖాస్తు వస్తే విచారణ నడుస్తోందన్న ఒక్క మాటతో తిరస్కరించలేరు. వెల్లడిస్తే విచారణకు ఎలా అడ్డమో చెప్పాలని ఢిల్లీ హైకోర్టు 2007లోనే భగత్ సింగ్ అనే దరఖాస్తుదారు కేసులో చెప్పింది. ఇవ్వదగిన భాగాన్ని పదో సెక్షన్ కింద విడదీసి ఇవ్వొచ్చు. రెండో మెట్టులో కట్టలు విడదీసి ఉంటే ఈ పని సగం అయిపోయినట్టే.

లీకైతే

మొదటి గంటలో ఎవరు చేశారో వెతకడం మొదలుపెట్టకండి. ఆ లాగిన్లు ఆపండి, ఆ కంప్యూటరును నెట్ నుంచి తీసేయండి, ఆఫ్ చేయకండి. కంప్యూటర్ వ్యవస్థలోకి చొరబాటు, డేటా లీకు వంటివైతే 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశాల ప్రకారం తెలిసిన 6 గంటల్లో కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలపాలి. అవే ఆదేశాల ప్రకారం సిస్టమ్ లాగ్‌లు 180 రోజులు ఉంచాలి. పై అధికారికి నోటు పెట్టండి, ఎవరి వివరాలు బయటపడ్డాయో వాళ్లకు చెప్పండి. పేపర్లో చూసి తెలుసుకునే పరిస్థితి ఫిర్యాదుదారుకు రాకూడదు. బయటికొచ్చిన కాగితాన్ని "ఇదేనా చూడండి" అంటూ ఆఫీసు వాట్సాప్ గ్రూపులో ఎవరూ పెట్టకుండా ఆపండి. సగం వ్యాప్తి అక్కడే జరుగుతుంది.

బదిలీ వేళ

సెక్షన్ చూసే సూపరింటెండెంటు బదిలీ అయ్యే రోజు ఛార్జి లిస్టులో బీరువా తాళాలు, ఫర్నిచరు రాస్తారు గానీ వెండరు దగ్గర ఇంకా ఏమేం ఉన్నాయో రాయరు. అప్పగింత రిజిస్టరు, తిరిగి రావాల్సిన వాటి జాబితా, రాని ధ్రువపత్రాలు, సీలు కవర్లు ఎన్ని ఎక్కడున్నాయో, ఎవరికి ఏ లాగిన్ ఉందో అన్నీ ఛార్జి లిస్టులోకి ఎక్కాలి. వెళ్లేవారి లాగిన్లు అదే రోజు రద్దు చేయించి, పాస్‌వర్డులన్నీ మార్చాకే వచ్చినవారు ఛార్జి తీసుకున్నట్టు సంతకం పెట్టాలి.